జన్యు పరీక్ష కన్నా ముందు మన ఇంటి సంగతి
(వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



ఉమ్మి నమూనా పంపితే జన్యువులు చూసి, రేపు ఏ జబ్బు వస్తుందో, ఏం తినాలో చెబుతారంట, దానికి సంఘంలో అప్పిస్తారా అని కొందరు సభ్యులు అడుగుతున్నారు. డబ్బు పోసేముందు విషయం తెలుసుకుందాం.

జన్యువుల మాట అబద్ధం కాదు. టీసీఎఫ్7ఎల్2 అనే జన్యువులో ఉండే తేడాలు మనవాళ్లలో కూడా షుగరు ముప్పును పెంచుతాయని హైదరాబాదు సీసీఎంబీ, పుణె కేఈఎం ఆసుపత్రి పరిశోధకులు 2007లో చూపించారు. అయితే ఆ తేడా ఉంటే షుగరు వచ్చి తీరుతుందనీ కాదు, లేకపోతే రాదనీ కాదు. తిండి, నడక, నడుము చుట్టూ చేరే కొవ్వు కూడా లెక్కలోకి వస్తాయి.

షుగరు అంచున ఉన్న 531 మందిని చెన్నై వైద్యులు మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు చెప్పారు. మామూలుగా ఉన్నవాళ్లలో నూటికి 55 మందికి షుగరు వచ్చింది. తిండి సరిచేసుకుని, రోజూ అరగంట నడిచినవాళ్లలో 39 మందికే వచ్చింది. ఇందుకు ఎవరి జన్యువులూ చూడలేదు.

మగ్గం మీద కాళ్లూ చేతులూ ఆడతాయి గాని నడక ఉండదు. జీడిపప్పు ఒలిచేవాళ్లం పొద్దంతా కూర్చునే ఉంటాం. మూడు పూటలా అన్నమే. అమ్మకో, నాన్నకో, తోడబుట్టినవాళ్లకో షుగరుంటే, మన కడుపుతో ఉన్నప్పుడు షుగరు వచ్చి ఉంటే, అదే మనకు పైసా ఖర్చులేని హెచ్చరిక. 30 ఏళ్లు దాటినవాళ్లకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగరు ఉచితంగా చూస్తారు.

జన్యు పరీక్ష నిజంగా పనికొచ్చే చోటు కూడా ఉంది. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి, అదీ చిన్న వయసులో, రొమ్ము క్యాన్సరో అండాశయ క్యాన్సరో వచ్చి ఉంటే డాక్టరును అడగాలి. డాక్టరు పరీక్ష రాస్తే వెనకాడొద్దు. అలాంటివాళ్లకు సంఘం ముందుగా అప్పివ్వాలి.

అందుకని మేము రెండు మాటలు ప్రతిపాదిస్తున్నాం. వచ్చే నెల సమావేశంలోపు 30 దాటిన ప్రతి సభ్యురాలూ షుగరు, బీపీ చూపించుకోవాలి. మినిట్స్ పుస్తకంలో పరీక్ష తేదీ మాత్రమే రాయాలి, జబ్బు పేరు రాయకూడదు. పిల్లల సంబంధాలకు అడ్డొస్తుందని భయపడి ఏ అక్కా పరీక్షకు దూరంగా ఉండిపోకూడదు.

సభ్యులు చర్చించి తీర్మానం చేయవలసిందిగా కోరుతున్నాం.