మొదటి ఫ్లాట్ కొనే ముందు ఈ లెక్క వేసుకోండి

రియల్ ఎస్టేట్‌లో ఇన్వెస్ట్‌మెంట్ ఎలా స్టార్ట్ చేయాలి అని చాలామంది అడుగుతున్నారు. దానికన్నా ముందు నేను చేసిన తప్పు చెప్తాను.

2021లో హైదరాబాద్‌లో నాకు ఉద్యోగం వచ్చి రెండేళ్లు. ఒక ఏజెంట్ "ప్రీ లాంచ్ ఆఫర్ సార్, మార్కెట్ రేటులో సగానికే ఫ్లాట్, ఈ నెలాఖరు వరకే" అన్నాడు. మా నాన్న పసుపు అమ్మి దాచుకున్న నాలుగు లక్షలు తెచ్చి బుకింగ్ కట్టేశాను. చేతికొచ్చింది స్టాంపు కొట్టిన ఒక రసీదు. అంతే!

మిగతా డబ్బు కోసం లోన్‌కి వెళ్తే, బ్యాంకులో పనిచేసే ఫ్రెండ్ ఒక్కటే అడిగాడు: "రెరా నంబర్ ఏదిరా?" ఏజెంట్‌ని అడిగితే "ప్రాసెస్‌లో ఉంది సార్" అన్నాడు. ఏడాది తర్వాత కూడా అదే మాట. సైట్ దగ్గరికి వెళ్తే ఫెన్సింగ్, ఒక బోర్డు, గడ్డి. తిరిగి తిరిగి రెండున్నర లక్షలు వెనక్కి తెచ్చుకున్నా. లక్షన్నర ఇంకా రాలేదు. నాన్న తిట్టలేదు. "డబ్బు పోయినందుకు కాదురా, ఒక్క మాట అడగకుండా ఇచ్చేశావ్ చూడు, అదీ నా బాధ" అన్నాడు. అది ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

అందుకే ఆ రోజు నేను అడగాల్సినవి ఇప్పుడు మీకు చెప్తున్నా.

ఒకటి, రెరా. 2016 చట్టం ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో, ఎనిమిది కంటే ఎక్కువ ఫ్లాట్లతో కట్టే ప్రాజెక్టుకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఆ నంబర్ రాకముందు ప్రకటన ఇవ్వకూడదు, బుకింగ్ తీసుకోకూడదు. అంటే నాకు వచ్చిన ఆ ఆఫరే తప్పు! నంబర్ ఇస్తే రెరా వెబ్‌సైట్‌లో మీరే వెతికి చూడండి, బ్రోచర్‌ని నమ్మొద్దు.

రెండు, అడ్వాన్స్. సేల్ అగ్రిమెంట్ రాసి రిజిస్టర్ చేయకుండా బిల్డర్ పది శాతం కంటే ఎక్కువ తీసుకోకూడదు. "మొత్తం ఒకేసారి కడితే డిస్కౌంట్" అంటే అక్కడే ఆగండి.

మూడు, ఈసీ. ఆ ఆస్తి మీద రిజిస్టరైన అమ్మకాలు, తనఖాలు అందులో కనిపిస్తాయి. కానీ కోర్టు కేసులు, రిజిస్టర్ కాని అగ్రిమెంట్లు అందులో కనపడకపోవచ్చు. కాబట్టి లింకు డాక్యుమెంట్లు తీసుకుని ఒక లాయర్‌కి చూపించండి. ఆ సర్వే నంబర్ నిషేధిత ఆస్తుల జాబితాలో ఉందేమో కూడా చూడండి. లాయర్ ఫీజు దగ్గర పీనాసితనం వద్దు.

ఇక అసలు లెక్క. 60 లక్షల రెడీ ఫ్లాట్ అనుకుందాం. ఆర్‌బీఐ రూల్ ప్రకారం 30 నుంచి 75 లక్షల మధ్య హోమ్ లోన్ అయితే, ఇంటి విలువలో బ్యాంకు గరిష్టంగా 80 శాతమే ఇవ్వగలదు. అంటే 48 లక్షలు. మిగతా 12 లక్షలు మీ జేబులోంచే. తెలంగాణలో స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ కలిపి సుమారు ఏడున్నర శాతం, అంటే ఇంకో నాలుగున్నర లక్షలు. మొత్తం పదహారున్నర లక్షలు చేతిలో ఉండాలి. కడుతూ ఉన్న ఫ్లాట్ అయితే దీనికి జీఎస్టీ కూడా తోడవుతుంది.

ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్లు అనుకుంటే ఈఎంఐ నెలకు దాదాపు 41,650. అద్దె 18,000 వచ్చిందనుకోండి, ప్రతి నెలా ఇరవై మూడు వేల పైనే మీరే వేసుకోవాలి. ఇల్లు ఖాళీగా ఉన్న నెలలో మొత్తం మీదే. ఏడాది అద్దె 2,16,000. ఫ్లాట్ ధర మీద చూస్తే 3.6 శాతం. ప్రాపర్టీ ట్యాక్స్, రిపేర్లు తీస్తే ఇంకా తగ్గుతుంది. "అద్దెతోనే ఈఎంఐ కట్టేయొచ్చు బ్రో" అనేవాళ్లకి ఈ లెక్క చూపించండి.

మరి కొనొద్దా? కొనండి. ధర పెరుగుతుందన్న ఆశ ఒక్కదాని మీద కాకుండా, ఆరు నెలల ఈఎంఐ పక్కన పెట్టుకుని, ఉద్యోగం పోయినా నిలబడగలను అనుకున్నప్పుడు కొనండి. అప్పటిదాకా నెలనెలా ఒక ఆర్‌డీలో వేస్తూ ఉండండి. ఊరికే సైట్లు చూడండి, రేట్లు అడగండి. చూడటానికి డబ్బులు అక్కర్లేదు కదా.

ఈ వారం ఒక చిన్న పని చేయండి. మీ సొంత ఇంటి ఈసీ తీసి, పక్కన అమ్మనో నాన్ననో కూర్చోబెట్టుకుని చదవండి. ఆ కాగితం చదవడం వస్తే రేపు ఏ ఏజెంట్ వచ్చినా తొందరపెట్టలేడు.

నేను నాన్నకి ఆ లక్షన్నర నా జీతంలోంచి నెలకు ఐదు వేలు చొప్పున తిరిగి ఇస్తున్నా. వద్దంటాడు, అయినా వేస్తున్నా. మీకు ఆ పరిస్థితి రాకూడదనే ఈ వీడియో. మళ్లీ కలుద్దాం, ఉంటాను.