పేరు నిలిపిన దినము
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేయబడిన ప్రసంగము)



పెద్దల పేరు బిడ్డలు నిలుపుట లోకమర్యాద. బిడ్డలు లేనివారి పేరు ఎవరు నిలుపవలెను? ఈ ప్రశ్నకు అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2015లో ఒక సమాధానము చెప్పినది. అక్టోబరు 25వ తేదీని లారీ ఇట్లియాంగ్ దినముగా శాసనము చేసినది.

ఇట్లియాంగ్ 1913లో ఆ తేదీననే ఫిలిప్పీన్సు ద్వీపములలో జన్మించెను. 1929లో, పదునైదేండ్ల ప్రాయమున, అమెరికా చేరెను. న్యాయవాది కావలెనని అతని కోరిక, దక్కినది కూలిపని. అలాస్కాలో చేపలను డబ్బాలకెత్తు కర్మాగారమున ప్రమాదము జరిగి మూడు వ్రేళ్లు పోయెను. "ఏడు వ్రేళ్లవాడు" అను మారుపేరు మిగిలెను.

అతనివలె వచ్చిన ఫిలిప్పీనో కూలీలలో స్త్రీలు బహు స్వల్పము. తెల్లజాతి స్త్రీలను వివాహమాడుటకు కాలిఫోర్నియాలో 1948 వరకు శాసనము అడ్డు నిలిచెను. పంట వెంట పంటగా ఊరూర తిరుగుచు, కూలీల శిబిరములలోనే అనేకులు బ్రహ్మచారులుగా ముసలివారైరి. చిన్నవారు వారిని "మనోంగ్" అని పిలిచెడివారు. అది తెలుగువారి "అన్న" వంటి మాట.

1965 సెప్టెంబరు 8న డెలానో ద్రాక్షతోటలలో ఈ కూలీలే ఇట్లియాంగ్ నాయకత్వమున పని మానిరి. గంటకు 1 డాలరు 40 సెంట్లు కూలి కోరిరి. ఒక జాతివారు పని మానినచో వేరొక జాతివారిని తోటలలో దింపుట యజమానుల పరిపాటి. అందుచేత ఇట్లియాంగ్ మెక్సికన్ కూలీల నాయకుడగు సీజర్ చావెజ్‌ను తోడు రమ్మని కోరెను. సెప్టెంబరు 16న వారును సమ్మతించిరి. పోరాటము అయిదేండ్లు సాగి, 1970లో ఒడంబడికలతో ముగిసెను.

కీర్తి మాత్రము చావెజ్‌కే ఎక్కువగా దక్కెను. ఇట్లియాంగ్ 1971లో సంఘమును వీడి, 1977లో గతించెను. మనోంగులును ఒక్కరొక్కరుగా కనుమరుగైరి.

వారి పాత్రను పాఠ్యాంశములలో చేర్చవలెనని 2013లో శాసనమైనది. స్మారక దినము పిమ్మట వచ్చినది. ఈ రెండు బిల్లులను ప్రవేశపెట్టిన రాబ్ బోంటా తల్లిదండ్రులు ఆ కూలీసంఘమున పనిచేసినవారే. ఆ దినము సెలవు కాదు. బాలబాలికలకు ఆ చరిత్ర బోధింపవలెననియే శాసనము ప్రోత్సహించుచున్నది.

పూలదండ మరునాటికి వాడును. చదువబడిన చరిత్ర నిలుచును. ఈ గ్రామమునను చెరువు పూడిక తీసినవారు, బడికి స్థలమిచ్చినవారు, పేరు చెప్పుకొను సంతతి లేక గతించినవారు ఉండవచ్చును. వృద్ధులనడిగి వారి పని ఒక పుటయైనను వ్రాయించి, ఈ గ్రంథాలయపు బీరువాలో చేర్చుడు. రజతోత్సవమునకు అంతకంటె తగిన కానుక లేదు.