పాప మాట బడిలో వినబడాలి



పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ వివరాలు ఇప్పుడే విన్నారు. మేము ఒక పాప గురించి చెబుతాం.

మన అర్ధవీడు మండలంలోనే, చెంచుగూడెం నుంచి మా సంఘంలో ఒక చెల్లెలుంది. ఆమె కూతురు బడి మానేసింది. పొదుపు కట్టడానికి వచ్చినప్పుడు, "పాపను బడికి ఎందుకు పంపవు?" అని మేమే గట్టిగా గదమాయించాం.

"పండ్ల పేర్లు చెప్పమంటే మా పాప తునికి పండు, పాల పండు అనిందంటక్కా. అందరూ నవ్వినారంట. ఇంక ఏం పోతాది?" అంది.

మాకు నోట మాట రాలేదు. ఎండాకాలం ఆ పండ్లు మనం తినలేదా?

ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో కోయ, సవర, గోండి పిల్లలకు వాళ్ల భాషల్లోనే వాచకాలు వేశారు. మన నల్లమల చెంచులు మాట్లాడేది తెలుగే. వాళ్ల యాసను ఎగతాళి చేయకుంటే సగం పని అయినట్టే.

మేము నలుగురం పోయి టీచరమ్మతో మాట్లాడాం. ఆమె మంచి మనసుతో విన్నారు. పాప అవ్వను బడికి పిలిపించి, తేనె ఎట్లా తీస్తారో పిల్లలకు చెప్పించారు. ఆ తేనె తూకాలతోనే కూడికలు చేయించారు. మర్నాడు పాప తనంతట తానే సంచి తగిలించుకొని వచ్చింది.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ బడి కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. అంటే మనమే. సంతకం పెట్టి వచ్చేయొద్దు. గూడెం, తండా పిల్లల్లో ఎవరు మానేశారు, ఎందుకు మానేశారని అడుగుదాం.