సరిసగాల లెక్క

ఆడవారిలో రెండు ఎక్స్ క్రోమోజోములు, మగవారిలో ఒక ఎక్స్, ఒక వై ఉంటాయని జీవశాస్త్ర విద్యార్థులందరూ బడి రోజుల్లోనే చదువుకుంటారు. ఆ పాఠానికి పునాది వేసినవారిలో ఒకరైన అమెరికా శాస్త్రవేత్త నెట్టీ స్టీవెన్స్ 1905లో పిండిపురుగుల కణాలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించి, ఆడ పురుగులో 20 పెద్ద క్రోమోజోములు ఉండగా మగ పురుగులో 19 పెద్దవి, ఒక చిన్నది ఉన్నాయని, శుక్రకణాల్లో సగం ఆ చిన్నదాన్ని మోసుకువెళ్తాయి గనుక సంతానం ఆడో మగో తేలేది తండ్రి కణం వల్లనేనని చూపారు.

ఈ పంపకం ఆడ, మగ సమానంగా ఎలా పుడతాయో చెబుతుందే గాని, ఆ సమానత ఎందుకు నిలుస్తుందో చెప్పదు. పైగా ఈ ఏర్పాటు అన్ని జీవుల్లో ఒకేలా లేదు: పక్షుల్లో, పట్టుపురుగుల్లో భిన్నమైన క్రోమోజోముల జత తల్లి దగ్గర ఉంటుంది. ఆంధ్ర తీరపు ఇసుకలో గుడ్లు పెట్టే ఆలివ్ రిడ్లే తాబేళ్లలోనైతే లింగ క్రోమోజోములే లేవు, గూడు వేడెక్కితే ఆడవి, చల్లబడితే మగవి పుడతాయి. సమానత ఎందుకు నిలుస్తుందన్న ఈ చిక్కును డార్విన్ అంతటివారే భావితరాలకు వదిలివేయగా, 1930లో శాస్త్రవేత్త రొనాల్డ్ ఫిషర్ దానిని విడమరిచారు. పుట్టే ప్రతి జీవికీ ఒక తల్లి, ఒక తండ్రి ఉండి తీరాలి కాబట్టి, తర్వాతి తరానికి మగవన్నీ కలిసి ఎంత వారసత్వం అందిస్తాయో ఆడవన్నీ కలిసి అంతే అందిస్తాయి. మగవి తక్కువైనప్పుడు ఒక్కొక్కదానికి దక్కే వాటా పెరుగుతుంది, అందువల్ల కొడుకులను ఎక్కువగా కనే వంశగుణం ఉన్నవాటికి మనుమసంతతి హెచ్చి, ఆ కొరత తీరేవరకు ఆ గుణం వ్యాపిస్తుంది. ఆడవి తక్కువైనా ఇదే న్యాయం.

మేడిపండు విప్పితే కనిపించే పురుగులు ఈ న్యాయానికి లోబడవు, కాని దాని లోతును అవే బాగా తెలియజేస్తాయి. కందిరీగల జాతికి చెందిన ఆ చిన్న కీటకాల్లో అన్నదమ్ములు పండులోనే అక్కచెల్లెళ్లతో జతకడతాయి. పోటీ అంతా సోదరుల మధ్యే సాగుతున్నప్పుడు ఎక్కువమంది కొడుకులు తల్లికి వృథా గనుక, కొద్ది మగవాటితోనే సరిపెట్టుకోవడం లాభమని 1967లో జీవశాస్త్రవేత్త హామిల్టన్ వివరించారు.

మనుషుల్లో సహజంగా 1000 మంది మగశిశువులకు దాదాపు 950 మంది ఆడశిశువులు పుడతారు. 2011 జనగణనలో భారతదేశంలో ఆరేళ్ల లోపు పిల్లల్లో ఆ సంఖ్య 919. ఈ లోటుకు క్రోమోజోములు బాధ్యులు కావు. గర్భంలోని బిడ్డ లింగాన్ని స్కానింగులో తెలుసుకుని ఆడపిల్లను తొలగించడాన్ని ఆపడానికే 1994లో చట్టం వచ్చింది. ఫిషర్ చెప్పిన సర్దుబాటు వంశగుణాల మీద ఎన్నో తరాల పాటు పనిచేసేదే తప్ప, స్కానింగు గదిలో జరిగే ఎంపికను సరిదిద్దగలిగేది కాదు. ఇక లింగనిర్ణయం తండ్రి కణానిదని తేలి నూరేళ్లు దాటినా, వరుసగా ఆడపిల్లలు పుట్టిన ఇళ్లలో నింద ఇంకా కోడలి మీదే పడుతోంది.