ఒకే పోలిక – వేరువేరు వంశాలు

(ప్లాటినం జూబిలీ సభలో ప్రధానోపాధ్యాయిని ప్రసంగ పాఠం)

డెబ్బది అయిదు వసంతాల ఈ శుభవేళ, ఆరోగ్యవిషయకమైన నాలుగు మాటలు విన్నవించదలచాను.

1882లో రాబర్ట్ కాక్ మహాశయుడు క్షయక్రిమిని కనుగొన్న సంగతి మనం పాఠాలలో చదువుకున్నదే. ఆ క్రిమికి జ్ఞాతులైన జాతులు నూటికి పైగా ఉన్నవి. వానిని క్షయేతర మైకోబాక్టీరియా అంటారు. మట్టిలో, నీటిలో, కొళాయి గొట్టాల లోపలి జిగురుపొరలో అవి నివసిస్తాయి. ఆరోగ్యవంతులకు సామాన్యంగా హాని చేయవు. పూర్వమే ఊపిరితిత్తులు దెబ్బతిన్నవారిని ఆశ్రయించినప్పుడు మాత్రం విడువని దగ్గు, జ్వరం, చిక్కిపోవడం కలుగజేస్తాయి.

చిక్కంతా ఇక్కడనే ఉన్నది. కళ్లెకు రంగు వేసి సూక్ష్మదర్శినిలో చూచినచో, క్షయక్రిమియూ దాని జ్ఞాతులూ ఒకే తీరున ఎర్రని కడ్డీలవలె కనబడతాయి. రోగికి క్షయ మందులు ఇస్తారు. అవి ఈ జ్ఞాతులలో పెక్కింటిపై సరిగా పనిచేయవు. నెలలు గడచినా రోగం తగ్గదు; పైగా మందులు సక్రమంగా మింగలేదన్న నింద రోగి తలపై పడుతుంది.

వంశాన్ని తేల్చేది జన్యుపరీక్ష. మైకోబాక్టీరియం అబ్‌సెసస్ అనే జాతినే తీసుకుందాం. అందులో మూడు ఉపజాతులున్నవి. క్లారిత్రోమైసిన్ మందును నిష్ఫలం చేసే జన్యువు అబ్‌సెసస్ ఉపజాతిలో సామాన్యంగా చురుకుగా ఉంటుంది; మసీలియెన్సె ఉపజాతిలో అది ఖండితమై పనిచేయదు. అందుచేత ఒకరికి పనిచేసిన మందు మరొకరికి పనిచేయకపోవచ్చు.

వ్యాప్తి విషయంలోనూ జన్యువులే సాక్ష్యం చెప్పాయి. ప్రతి రోగికీ ఈ క్రిమి వేరువేరుగా మట్టినుండో, నీటినుండో సోకుతుందని చిరకాలం భావించారు. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే వంశపారంపర్య వ్యాధిగ్రస్తులు ప్రధానంగా 517 మంది రోగుల నమూనాలను కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞులు, వారి సహచరులు పరిశీలించి 2016లో ఫలితాలు ప్రకటించారు. యూరప్, అమెరికా, ఆస్ట్రేలియా రోగులలో అధికభాగానికి సోకినవి దాదాపు ఒకే సంతతికి చెందిన క్రిములు! ఆసుపత్రులలో వస్తువులద్వారా, గాలిలోని తుంపరలద్వారా ఒకరినుండి మరొకరికి చేరి ఉండవచ్చునని వారు భావించారు.

ఇది పరాయి దేశాల ముచ్చట మాత్రమే కాదు. మన తమిళనాట చెంగల్పట్టు జిల్లాలో 1968లో ఆరంభమైన బి.సి.జి. పరిశీలనలో, ఆ టీకా పెద్దలను ఊపిరితిత్తుల క్షయనుండి కాపాడలేదని తేలినది. ఇక్కడి మట్టిలో, నీటిలో ఉన్న ఈ క్రిములతో జనుల శరీరాలకు ముందే పరిచయం ఉండడం ఒక కారణమని శాస్త్రజ్ఞుల ఊహ. అయితే పసిబిడ్డలను తీవ్రమైన క్షయనుండి ఆ టీకా కాపాడుతుంది గనుక దానిని మానరాదు.

తల్లిదండ్రులకు నా మనవి ఒక్కటే. ఇంట ఎవరికైనా క్షయ మందులతో గుణం కనబడకపోతే, మందులు మీరై మానవద్దు, రోగిని నిందించవద్దు. కళ్లెలోని క్రిమిని పెంచి, దాని జాతిని తేల్చే పరీక్ష చేయించమని వైద్యుని అడగండి. అడిగి తెలుసుకునే ధైర్యాన్ని ఇచ్చినప్పుడే చదువు సార్థకం. ఆ ధైర్యం మన విద్యార్థులందరికీ కలుగుగాక అని ఆకాంక్షిస్తూ సెలవు తీసుకుంటున్నాను.