జల్‌పల్లి తంగేడు, మదీనా ఖర్జూరం

 

ధార్మిక సోదరులారా! వానలు వెనుకబట్టిన ఈ రోజులలో జల్‌పల్లి చెరువు వైపు, రాళ్ళగుట్టల నడుమ ప్లాట్లుగా మారక మిగిలిన బీడునేలలో తంగేడు పూసి ఉంటుంది. 2014లో తెలంగాణ ప్రభుత్వం రాష్ట్ర పుష్పంగా ప్రకటించినది దీనినే. ఇరుగుపొరుగు సోదరీమణులు బతుకమ్మకు ఏరుకొనేదీ దీనినే. మనము మాత్రం జేసీబీకి అడ్డువచ్చే పొదగా చూస్తున్నాము.

ఆ పువ్వును ఒకసారి దగ్గరగా చూడండి. అందులో తేనె లేదు, పుప్పొడియే ఉంది. అదీ కేసరపు కొనన ఉన్న చిన్న రంధ్రం గుండా తప్ప బయటికి రాదు. నల్లని తుమ్మెద వచ్చి, కేసరాలను కాళ్ళతో పట్టుకొని, రెక్కల కండరాలను ఝుమ్మని అదిరిస్తుంది. అప్పుడు పుప్పొడి రాలుతుంది. కొంత దాని పిల్లలకు ఆహారం. కొంత దాని ఒంటికి అంటి మరో పువ్వును చేరుతుంది. ఆ తుమ్మెద ఎండుకొమ్మలను తొలిచి గూడు చేసుకుంటుంది. మోడులన్నీ తగులబెడితే దానికి ఇల్లు లేదు. సీతాఫలం సంగతి వేరు: దాని రేకులు బాగా విప్పుకోవు, అక్కడ తేనెటీగకు పని లేదు, చిన్న చిన్న పెంకుపురుగులే ఆ సేవ చేస్తాయి.

దైవప్రవక్త (స) మదీనాకు విచ్చేసినప్పుడు, అక్కడివారు మగ ఖర్జూరపు పూగుత్తిని ఆడచెట్టు గుత్తికి చేర్చడం చూశారు. దానివల్ల ప్రయోజనం ఉంటుందని తాము అనుకోవడం లేదన్నారు. వారు మానివేశారు, కాపు చెడింది. ఆ సంగతి తెలిసి, అది తమ ఊహ మాత్రమేనని, ప్రాపంచిక వ్యవహారాలు వారికే బాగా తెలుసునని సెలవిచ్చారు. ఈ వృత్తాంతం సహీహ్ ముస్లింలో ఉంది. దీనిని మనము ఎక్కువగా వాదప్రతివాదాలలోనే వింటాము. ఒక్క స్పర్శ తప్పితే ఒక యేటి కాపు పోయిందన్న సంగతి చెవిన పడదు. మదీనావాసులు మరుసటి యేడు మళ్ళీ చేయి చాపగలిగారు. మన గుట్టలలో ఆ పని పురుగుది. అది పోతే తంగేడుకు ఎవరు చేస్తారు?

నిరుడు మన వీధి నీళ్ళట్యాంకుకు పట్టిన పెద్ద తేనెపట్టును రాత్రివేళ కాగడాతో కాల్చివేశాము. తెల్లవారి చీపురుతో ఊడ్చి ఎత్తవలసి వచ్చింది. భయపడినందుకు ఎవరినీ తప్పుపట్టము. ఆ ఈగలు కుట్టి ప్రాణాలు పోయినవారూ ఉన్నారు. అయినా, చంపవద్దని దైవప్రవక్త (స) వారించిన నాలుగు ప్రాణులలో తేనెటీగ ఒకటి. ఇది హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (ర) ఉల్లేఖనం, అబూ దావూద్ గ్రంథంలోనిది. నిప్పుతో శిక్షించడం అగ్నికి ప్రభువైనవానికే తగునన్న హదీసూ అందులోనే ఉంది. దివ్య ఖుర్ఆన్‌లో ఒక సూరాకు తేనెటీగ పేరే ఉంది, అన్ నహ్ల్. దాని 68వ ఆయతును చదివి చూడండి. కొండలతో, చెట్లతో పాటు మన కట్టడాల ప్రస్తావన కూడా కనిపిస్తుంది. పైగా ఈ పెద్ద తేనెటీగ ఏడాది పొడవునా ఒకేచోట ఉండదు. పూలు తగ్గగానే పట్టు విడిచి తానే తరలిపోతుంది.

ఈ యేడు మళ్ళీ అదే ట్యాంకుకు పట్టు పట్టింది. నమాజు తరువాత కమిటీ పెద్దలు, ఆ ఇంటివారు కాసేపు ఆగండి. మెట్ల తలుపుకు తాళం వేయించుదాము, రాత్రి ఆ దీపం ఆర్పించుదాము, పిల్లలు రాళ్ళు రువ్వకుండా చూద్దాము. షబే బరాత్‌కు ఖబరస్తాన్ శుభ్రం చేసే యువకులారా! గోడ వెంట ఉన్న తంగేడు, సీతాఫలం పొదలను ఈసారి నడకదారి మేరకే కొట్టండి. ఎండుకొమ్మలను కాల్చక ఒక మూలన పేర్చి ఉంచండి.