డొక్కు సర్వర్‌లో డేటా ఎటు పోతుంది?

వెల్గటూర్ నుంచి ఇంకో ఎపిసోడ్. ఇయ్యాల్టి టూల్ పేరు డొక్కు. మనం డొక్కు బండి, డొక్కు ఫ్యాను అంటాం కదా, పలకడం అట్లనే గానీ దానికీ దీనికీ సంబంధం లేదు. జెఫ్ లిండ్సే అనే ప్రోగ్రామర్ 2013లో సుమారు వంద లైన్ల బాష్ స్క్రిప్ట్‌గా దీన్ని మొదలుపెట్టాడు. పని ఏందంటే, సొంత సర్వర్ మీద దీన్ని వేసుకుని కోడ్‌ను గిట్‌తో పుష్ చేస్తే చాలు. అదే డాకర్ కంటైనర్ తయారుచేసి, ముందు ఎన్‌జింక్స్ పెట్టి, యాప్‌ను నెట్‌లో నిలబెడుతుంది. హెరోకు 2022 నవంబర్ 28 నుంచి ఫ్రీ ప్లాన్ తీసేసింది కదా, నన్ను అడిగే బీటెక్ పిల్లలు ఇప్పుడు ఎక్కువగా దీని గురించే అడుగుతున్నారు.

ఒక మాట. ఈ పేజీలో కమాండ్లు నేను పలికినట్టే తెలుగులో ఉంటాయి. టైప్ చేసేటప్పుడు స్పెల్లింగ్ వీడియోలో చూసి కొట్టండి.

ఇన్‌స్టాల్ గురించి ఎక్కువ చెప్పను. కొత్త ఉబుంటు లేదా డెబియన్ సర్వర్, కనీసం 1 జీబీ ర్యామ్. అంతే ర్యామ్ ఉంటే స్వాప్ ఫైల్ కూడా పెట్టుకోండి, లేకపోతే బిల్డ్ మధ్యలోనే "కిల్డ్" అని ఆగిపోవచ్చు. ల్యాప్‌టాప్ లేనోళ్లు ఎఫ్-డ్రాయిడ్ నుంచి టర్మక్స్ దించుకుని, అందులో ఓపెన్ఎస్ఎస్‌హెచ్ వేసుకుంటే ఫోన్ నుంచే సర్వర్‌ను నడపొచ్చు. డొక్కునే ఫోన్ మీద ఎక్కిస్తా అంటే మాత్రం కాదు. డాకర్‌కు కావలసిన కెర్నల్ సదుపాయాలు మామూలు ఆండ్రాయిడ్ ఫోన్లలో ఉండవు.

ఇంట్లో పాత కంప్యూటర్‌నే సర్వర్ చేద్దామనుకునేవాళ్లు ముందు రౌటర్‌లో వాన్ ఐపీ చూడండి. అది 100.64 నుంచి 100.127 మధ్య ఉంటే మీరు సీజీనాట్ వెనక ఉన్నట్టు. అంటే ఒకే పబ్లిక్ ఐపీని చాలా ఇళ్లకు పంచారు. మీ రౌటర్‌లో ఎన్ని పోర్టులు తెరిచినా బయటివాళ్లు లోపలికి రాలేరు. టన్నెల్ పెట్టాలి, లేదంటే నెల కిరాయికి వీపీఎస్ తీసుకోవాలి. కరెంటు సంగతి కూడా చూసుకుంటే నా ఓటు వీపీఎస్‌కే.

ఇప్పుడు అసలు విషయం. సిరిసిల్ల నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు, బీటెక్ మూడో సంవత్సరం. వాళ్ల బాపు ఆసామి. అంటే సేటు దగ్గర నూలు తీసుకుని, సాంచాలు నడిపించి, బట్ట తిరిగి ఇచ్చే మనిషి. అక్కడ కూలి మీటర్ల లెక్కన. ఎవరు ఏ రోజు ఎన్ని మీటర్లు నేశారో రాసే నోటుబుక్కు బదులు ఈ తమ్ముడు ఒక చిన్న వెబ్ యాప్ చేశాడు. ఫ్లాస్క్, డేటాకు ఎస్‌క్యూలైట్. నలుగురు కార్మికులు షిఫ్టు అయిపోగానే ఫోన్‌లో మీటర్లు కొడతారు, వారం చివర కూలి లెక్క వచ్చేస్తుంది. ఒక గురువారం రాత్రి బటన్ రంగు మార్చి పుష్ చేశాడు. పొద్దున చూస్తే సోమవారం నుంచి కొట్టిన మీటర్లు ఒక్కటీ లేవు.

"అన్నా, ఎవడన్న హ్యాక్ చేసిండా?"

ఎవరూ చేయలేదు. పుష్ చేసిన ప్రతిసారి డొక్కు కొత్త కంటైనర్ లేపుతుంది. అది బాగానే నిలబడితే, డీఫాల్ట్‌గా 60 సెకన్లు ఆగి పాతదాన్ని ఆపేస్తుంది. పాత గుడిసె పీకి కొత్త గుడిసె వేసినట్టు. పాత గుడిసె చూరులో దాచింది దాంతోనే పోతుంది. ఎస్‌క్యూలైట్ ఫైల్ ఉన్నది ఆ చూరులోనే.

లాగ్స్‌లో ఒక్క ఎర్రర్ కూడా లేదు, చూడండి. టేబుల్ లేకపోతే ఖాళీ టేబుల్ చెయ్యమని కోడ్‌లో రాసి ఉంది, అది అదే చేసింది. ఆ వారం సేటుకు ఇచ్చిన తాన్ల లెక్క చూసి మీటర్లు పంచుకున్నారట. ఒకాయన నాకు తక్కువ పడ్డయి అంటే, ఆసామి ఆయన చెప్పినంతా ఇచ్చాడు. బటన్ రంగు ఖర్చు అది.

తమ్ముడు నాకు ఫోన్ చేసింది శుక్రవారం సాయంత్రం. అప్పటికే ఆ రోజు మీటర్లు కొత్త కంటైనర్‌లో పడ్డాయి. నెట్‌లో చదివి "స్టోరేజ్ మౌంట్ చేసి రీస్టార్ట్ కొడుతున్న అన్నా" అన్నాడు. జర ఆగు అన్నాను. డొక్కులో "పీఎస్:రీస్టార్ట్" కొట్టినా కొత్త కంటైనరే వస్తుంది. "కాన్ఫిగ్:సెట్" కొట్టినా అంతే, "నో-రీస్టార్ట్" అని చెప్తే తప్ప. రీస్టార్టే కదా అని కొడితే శుక్రవారం కూడా పోయేది.

అందుకే ముందు కాపీ. పది నిమిషాలు ఎవరూ ఎంట్రీ కొట్టొద్దని కార్మికులకు ఫోన్ చేయించాను. యాప్ పేరు మీటర్ అయితే కంటైనర్ పేరు "మీటర్.వెబ్.1" అని ఉంటుంది. "డాకర్ సీపీ" తో అందులోంచి డేటాబేస్ ఫైల్‌ను బయటికి తీశాం. దాని పక్కన "వాల్" అని చివర్లో ఉన్న ఫైల్ కనబడితే అది కూడా తియ్యాలి, తాజా ఎంట్రీలు అందులో ఉండొచ్చు.

తర్వాత "డొక్కు స్టోరేజ్:ఎన్షూర్-డైరెక్టరీ మీటర్". ఇది సర్వర్ మీద కంటైనర్ బయట ఒక ఫోల్డర్ చేస్తుంది. కాపీని అందులో పెట్టి, "స్టోరేజ్:మౌంట్" తో ఆ ఫోల్డర్‌ను కంటైనర్ లోపల "డేటా" అనే దారికి కలిపాం. దాన్ని "యాప్" ఫోల్డర్ మీదనే మౌంట్ చెయ్యొద్దు, మీ కోడ్ మొత్తం దాని కింద కప్పబడిపోతుంది. కోడ్‌లో డేటాబేస్ దారిని కొత్తదానికి మార్చి, అప్పుడు పుష్.

యాప్ తెరుచుకుంది, శుక్రవారం మీటర్లు కనబడ్డాయి. కొత్త ఎంట్రీ కొడితే మాత్రం "అటెంప్ట్ టు రైట్ ఏ రీడ్‌ఓన్లీ డేటాబేస్" అని ఎర్రర్. మేం ఫైల్‌ను రూట్‌గా కాపీ చేశాం, యాప్ నడిచేది వేరే యూజర్ కింద. బిల్డ్‌ప్యాక్‌తో కట్టిన యాప్ అయితే ఆ యూజర్ నంబర్ 32767. ఫోల్డర్‌కూ ఫైల్‌కూ రెండింటికీ "చోన్" కొట్టాలి, ఎందుకంటే ఎస్‌క్యూలైట్ పక్కన ఇంకో తాత్కాలిక ఫైల్ కూడా రాసుకుంటుంది. ఆ తర్వాత కావాలనే రెండుసార్లు రీస్టార్ట్ కొట్టించాను. మీటర్లు అట్లనే ఉన్నాయి.

ఇప్పుడు రోజూ రాత్రి ఎస్‌క్యూలైట్ బ్యాకప్ కమాండ్‌తో ఒక కాపీ తయారై తమ్ముడి ఫోన్‌కు పోతుంది. సర్వర్ డిస్కే పోతే మౌంట్ ఏం చేస్తుంది మరి. వాళ్ల బాపు నోటుబుక్కు మళ్లీ మొదలుపెట్టాడట. తమ్ముడికి నచ్చలేదు, నాకైతే నచ్చింది.

కామెంట్లలో ఎక్కువగా అడిగినవి గబగబా చెప్పేస్తా. పుష్ చేస్తే "పర్మిషన్ డినైడ్, పబ్లిక్‌కీ" అని వస్తుందా? గిట్ రిమోట్‌లో యూజర్ పేరు రూట్ కాదు, డొక్కు అని ఉండాలి. మీ కీని "ఎస్ఎస్‌హెచ్-కీస్:యాడ్" తో ఇచ్చారా చూడండి.

502 వస్తే ముందు "డొక్కు లాగ్స్". ఫ్లాస్క్‌ను మామూలుగా నడిపితే 127.0.0.1 మీదే వింటుంది. 0.0.0.0 పెట్టి, పోర్ట్ నంబర్‌ను "పోర్ట్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ నుంచి తీసుకోండి. డాకర్‌ఫైల్‌లో 3000 ఎక్స్‌పోజ్ చేసినవాళ్లకు సైట్ చివర కోలన్ 3000 పెడితేనే తెరుచుకుంటుంది. "పోర్ట్స్:సెట్ మీటర్ హెచ్‌టీటీపీ:80:3000" కొడితే సరిపోతుంది.

ఇంక హెచ్‌టీటీపీఎస్. డొమైన్ మీ సర్వర్ ఐపీకి వచ్చిందని చూసుకున్నాకే "లెట్స్‌ఎన్‌క్రిప్ట్:ఎనేబుల్" కొట్టండి. గంటలో ఐదుసార్లు ఫెయిల్ అయితే ఆ పేరుకు కొద్దిసేపు తలుపు మూసేస్తారు. సర్టిఫికెట్ 90 రోజులే ఉంటుంది, కాబట్టి "లెట్స్‌ఎన్‌క్రిప్ట్:క్రాన్-జాబ్" కూడా అప్పుడే యాడ్ చేసేయండి.